గడప మీద కాలు

ఆ గడప ప్రొద్దుటూరులోని మా షెడ్డుకు ఆటోలో వచ్చింది. దాని వెంటే ఒక పెద్దామె దిగింది. గండికోట ప్రాజెక్టు నీళ్లు ఊరిని ముంచకముందు తన ఇంట్లోంచి ఆమె ఊడదీయించుకున్న వస్తువు అదొక్కటే. జమ్మలమడుగు అవతల కాలనీలో కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. మర్నాడు పొద్దున్నే ద్వారబంధం నిలబెట్టే ముహూర్తం. నిలువు చెక్కలు కొత్తవైనా సరే, గడప మాత్రం పాతదే ఉండాలని ఆమె పట్టు.

గడప చివర్లు పుచ్చిపోయాయి. పుచ్చిన మేర కోసేసి, నిలువు చెక్కల కొసనుండే కుసులు దిగడానికి కొత్తగా లోతైన బెజ్జాలు తొలవాలి. గడప ముఖం మీద చెక్కిన పద్మాలున్నాయి. బెజ్జానికీ పద్మానికీ మధ్య వేలెడు మందమే మిగులుతుంది. అది పగిలితే ఆమెకు ఇక చూపించుకోవడానికేమీ ఉండదు.

మామూలుగా మేం నేల మీద కూర్చుని, చెక్కను పాదంతో తొక్కిపట్టి, ఉలితో తొలుస్తాం. క్లాంపులు బిగిస్తే ఉలి దెబ్బకు జారిపోతాయి. కానీ ఏళ్ల తరబడి పసుపు ఇంకిన గడప మీద కాలెట్లా పెట్టేది? పైగా ఆమె ఎదురుగానే కూర్చుంది. ఉలి ముట్టకుండా అడుగుదాకా కరెంటు రౌటర్ మిషన్‌తోనే తొలవాలనుకున్నాను.

చిక్కంతా దానికి బిగించే కోత ముక్క, బిట్టుతోనే. ప్రొద్దుటూరు కొట్లో దొరికిన పొడుగు బిట్టు తిన్నని అంచులది. లోతుకు పోయేకొద్దీ పొట్టు లోపలే ఇరుక్కుని చెక్క మాడుతుంది, బిట్టు వణుకుతుంది. ఫోన్ చేసి పులివెందుల నుంచి బస్సులో మధ్యాహ్నానికల్లా మెలికల బిట్టు తెప్పించాను. అది పొట్టును పైకి తోడేస్తుంది, కోత నున్నగా వస్తుంది. కానీ పొట్టిది. కాడ మొత్తం దాన్ని పట్టి ఉంచే చక్‌లోకి దించితే కావలసిన లోతు అందదు.

నాతో పనిచేసే సాయిబు కువైట్‌లో చాలాకాలం ఇదే పని చేసి వచ్చాడు. కాడ పూర్తిగా దించుదాం, అందినంత తొలిచి మిగిలింది ఉలితో తీద్దామన్నాడు. నాకు ఒళ్లు మండింది. గడపను తొక్కాల్సింది నేను, అతనికేం? కాడను కొంచెం బయటికి లాగి బిగించాను.

"మామా, కాడ శానా బయటుండాది. జారతాది," అన్నాడు. విననట్టే స్విచ్ వేశాను.

పలచపలచగా కోస్తూ దిగాను. మొదట పొట్టు బాగానే లేచింది. లోతు పెరిగాక మోత బొంగురుపోయింది. ఆపితే అతను గెలిచినట్టవుతుందని ఆపలేదు. అతనే ప్లగ్గు పీకేశాడు.

బిట్టు చక్‌లోంచి జారి ఉంది. పద్మం పక్కన వెంట్రుకంత నెర్ర. భయమూ వేసింది, సిగ్గూ వేసింది.

"పద్మం పోయిందా అప్పా?" అని పెద్దామె అడిగింది.

పోలేదన్నాను. ఇక ఉలితోనే తీయాలని, అందుకు గడపను తొక్కిపట్టాలని, ఆ పని నావల్ల కాదని చెప్పాను. ఆమె లేచి తొట్టిలోంచి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"కాళ్లు కడుక్కోని తొక్కప్పా. ఊరినంతా నీళ్లు తొక్కి కూచున్నాయి. నీ కాలెంత బరువు?"

కడుక్కున్నాను. ఆ చివర సాయిబు పట్టుకున్నాడు. తడి పాదానికి పసుపు అంటుకుంది. సాయంత్రానికి రెండు బెజ్జాలూ పూర్తయ్యాయి, నెర్ర పెరగలేదు. గడప ఆటో ఎక్కాక ఆమె నా కాళ్ల వైపు ఒకసారి చూసి, పోయొస్తానంది. ఆ రోజు నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటికి నడిచాను.