గంటన్నర దూరం

నా చిన్నప్పుడు మా సిరొంచలో దూరాన్ని కిలోమీటర్లలో చెప్పేవాళ్లు తక్కువ. బస్సులో ఎంతసేపు కూర్చోవాలో అదే దూరం. అంకిస అరగంట, అహేరి మూడు గంటలు. మా నాన్న మేస్త్రీ పని చేసే బొంబాయి మాత్రం రెండు రోజుల తొవ్వ. అందుకే ఆయన ఏడాదికోసారే వస్తాడని అమ్మ చెప్పేది. నేను నమ్మేదాన్ని.

ఆ అమ్మ జ్వరంతో పడుకుని, ఒకనాడు తెల్లవారేసరికి పోయింది. నాకు ఏడుపు రాలేదు. ఎవరో నా చేతిలో అరటిపండు పెడితే అది నలిగిపోయేదాకా పట్టుకుని అమ్మ పక్కనే కూర్చున్నాను.

పక్కింటి పెదనాయన బజార్లోని ఫోన్ డబ్బా నుంచి బొంబాయికి మాట్లాడి పరుగున వచ్చాడు. “సేటు టికెట్ తీసిచ్చిండట! మధ్యాన్నం ఇమానంల బయలెల్లుతుండు. హైదరాబాద్‌కు గంటన్నరేనట!”

మా వాడలో అంతవరకు ఎవరూ విమానం ఎక్కలేదు. గంటన్నరంటే అహేరి కన్నా దగ్గరే కదా, ఇగ జర ఆగుదామని అందరూ వాకిట్లో కూర్చున్నారు. విమానం అన్న మాట వినేసరికి హైదరాబాద్ తర్వాత ఇంకా రోడ్డుందని, గోదావరి దాటాలని ఎవరికీ గుర్తు రాలేదు. నాకైతే ఒకటే తోచింది. గంటన్నర దూరంలో ఉండి కూడా నాన్న ఇన్నాళ్లు రాలేదు.

పొద్దు వాలింది. నాన్న రాలేదు. చీకటి పడకముందే కానిచ్చేయాలని పెద్దలు పట్టుబట్టారు. అమ్మను కన్న మా తాతయ్య చాలాసేపు ఒప్పుకోలేదు. చివరికి “ఇగ లేపుండ్రి” అని గోడ వైపు తిరిగిపోయాడు. నాన్నకు అమ్మ కడసారి చూపు దక్కలేదు.

మర్నాడు పొద్దున మొదటి పడవలో నాన్న వచ్చాడు. ఎవరూ పలకరించలేదు. “ఇమానమెక్కి కూడ గిప్పుడా వచ్చుడు?” అని ఒకామె వినపడేటట్టే అంది. నాన్న నన్ను పిలిచాడు. నేను కదల్లేదు.

అప్పుడు తాతయ్య లేచి నా చేతికి నీళ్ల చెంబిచ్చాడు. నాన్నను అరుగు మీద కూర్చోబెట్టి, తాను కింద కూర్చుని ఆయన కాళ్లు పళ్లెంలో పెట్టుకున్నాడు. అమ్మ పెళ్లిలో కన్యాదానం చేస్తూ కడిగిన కాళ్లే అవి. హైదరాబాద్ నుంచి మహదేవ్‌పూర్ దాకా లారీలో వచ్చి, అక్కడి నుంచి రాత్రికి రాత్రే గోదావరి అవతల ఉన్న కాళేశ్వరం రేవుకు నడిచి, తెల్లవారేదాకా పడవ లేక ఒడ్డునే కూర్చున్నాడట నాన్న. చెప్పులు తెగిపోయాయి. మడమలు పగిలి మట్టి, నెత్తురు కలిసి ఎండిపోయాయి.

“నీళ్లు పొయ్యి బిడ్డా,” అన్నాడు తాతయ్య. “ మీ నాయన ఇమానంల కూసున్నది గంటన్నరే. మిగిలింది గీ కాళ్లనడుగు.”

నేను పోశాను. నాన్న కాలివేళ్ల సందుల్లో మట్టి కూడా తాతయ్య తీశాడు. నాన్న వద్దు మామా, వద్దు మామా అంటూనే ఏడ్చాడు. నాకు అప్పుడు కూడా ఏడుపు రాలేదు. కానీ చెంబు ఖాళీ అయ్యాక నేనే వెళ్లి మళ్లీ నింపుకొచ్చాను.

ఇప్పుడు గోదావరి మీద వంతెన ఉంది. పిల్లలు ఫోన్‌లో చూసి ఏ ఊరికి ఎంతసేపో ఇట్టే చెప్పేస్తారు. ఎవరైనా ఆలస్యంగా వస్తే గుమ్మంలోనే నిలదీస్తారు. నేను మాత్రం ముందు కాళ్లకు నీళ్లిస్తాను. వాళ్లు కడుక్కుంటుంటే చూస్తూ నిలబడతాను. ఎందుకు ఆలస్యమైందని అడగాలని నాకు అనిపించదు.