అంబ్రోజ్ తాత గరిటె

ఊళ్ళో ఎవరి పొయ్యి మీద కుండ కనిపించినా సొంత గరిటె ముంచి కలిపి, రుచి చూసి, "ఉప్పు లేదు!" అని అరవకపోతే అంబ్రోజ్ తాతకు తిన్నది అరిగేది కాదు. పెళ్ళింట్లోనూ అంతే, చావింట్లోనూ అంతే. ఒకసారి చర్చి ఫాదరు గుడ్డలు ఉడకబెడుతున్న కాగులో ముంచి కూడా అదే తీర్పు చెప్పాడు. పోయిన చలికాలం ఆయన పోయాక గానీ మా ఊరి వంటిళ్ళు ఇంత నిశ్శబ్దంగా ఉండగలవని తెలియలేదు.

ఆ మాటకొస్తే ఉప్పెక్కడుంది? ఫ్రాన్సులో ఉప్పు రాజుగారిది. చట్టం చేసేదీ ఆయనే, ఉప్పమ్మేదీ ఆయనే, ధర పెట్టేదీ ఆయనే. కొనకపోతే నేరం. లువార్ నది దాటితే బ్రిటనీలో ఉప్పు కారుచౌక. అక్కణ్ణుంచి గుప్పెడు తెచ్చాడని మా ఊరి పెరిన్ మొగుణ్ణి గొలుసులేసి, రాజుగారి ఓడల్లో తెడ్లు వెయ్యడానికి పంపేశారు. రాజుగారుండే వెర్సాయి కోటలో ఫౌంటెన్లు మాత్రం ఎగురుతూనే ఉన్నాయి.

"ఉప్పు లేదే అమ్మాయ్!" అన్నాడు తాత, బతికుండగా ఓ రోజు పెరిన్ ఇంట్లో దూరి, ఆమె కాబేజీ సూపు గరగరా కలిపి.

"రాజుగారినడుగు! ముందా గరిటె కడుక్కో."

"కడిగితే రుచి పోతుంది."

అదీ నిజమే. ఆయన కలిపాక సూపుకు ప్రాణం వచ్చేది. ఏళ్ళ తరబడి పట్టిన మురికి మహిమ అనుకునేది పెరిన్.

తాత గడప దాటకముందే ఉప్పు సిపాయి దిగబడ్డాడు.

"ఏమమ్మా, ఈ ఏడు రాజుగారి ఉప్పు కొనలేదే? దొంగ ఉప్పు తింటున్నావా?"

"చప్పిడి తింటున్నానయ్యా."

"చూద్దాం. సూపు ఉప్పగా తగిలిందో, నువ్వు జైలుకి, నీ మేక రాజుగారికి."

తాత కలిపిన సూపు ఎలా ఉంటుందో పెరిన్‌కి తెలుసు. మురికి గరిటె కథ ఎవడు నమ్ముతాడు? సిపాయి చెంచా ముంచబోయాడు. తాత అడ్డంగా దూరి, ఓ గుక్క నోట్లో పోసుకుని, "థూ! ఒట్టి చప్పిడి!" అంటూ మొత్తం కుండలోకే ఉమ్మేశాడు.

సిపాయి చెంచా గాల్లోనే ఆగిపోయింది. "ఛీ, ముసలి పీనుగా!" అని ముక్కు మూసుకుని వెళ్ళిపోయాడు.

పెరిన్ చీపురందుకుంది. "రెండు పూటలకీ నాకున్నది అదే కదా, ముసలాడా!"

తాత గరిటె కాడ చివరనున్న బిరడా పీకి, ఆమె అరచేతిలోకి వంచాడు. బోలు కాడలోంచి తెల్లటి గళ్ళుప్పు రాలింది. కలిపినప్పుడల్లా కాడ అడుగు చిల్లులోంచి కరిగి కుండలోకి దిగేది అదే.

"మోకాళ్ళ మందుకని నువ్వు వారంవారం నది దాటేది... ఇందుకా?"

"నా మోకాళ్ళకేం, గుర్రాల్లా ఉన్నాయి."

"ఊళ్ళో అందరి కుండల్లోనూ వేస్తున్నావా?"

"రాజుగారి కుండలో తప్ప."

మొగుణ్ణి తీసుకెళ్ళాక పెరిన్ నవ్వడం అదే మొదలు. చీపురు పక్కన పడేసి రెండు గిన్నెలు తెచ్చింది.

"నువ్వు ఉమ్మిన వైపు నీకు తాతా, ఇటువైపు నాకు."