అత్తగారికి చెప్పని సగం మాట

మొన్న అమలాపురంలో చెవుల పరీక్ష చేసే అమ్మాయి నన్నొక చిన్న గదిలో కూర్చోబెట్టి, ఏ కాస్త చప్పుడు వినిపించినా చెయ్యెత్తమంది. చివరికి నరం బలహీనపడిందనీ, దానికి మందు లేదనీ, మిషను పెట్టుకుంటే మాత్రం చాలావరకు వినబడుతుందనీ, అలవాటు పడడానికి కొన్ని నెలలు ఓపిక పట్టాలనీ చెప్పింది. నా కళ్ళలో నీళ్ళు చూసి పక్కనున్న మా అమ్మాయి కంగారుపడింది గాని, ఇవే మాటలు నేను అరవై ఏళ్ళ కిందటే ఒకసారి విన్నానని దానికి తెలియదు.

నేను ముక్తేశ్వరం కాపురానికి వచ్చేనాటికే మా అత్తగారికి చెవుడు. సన్నిపాత జ్వరం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ అలా అయిందనేవారు. కొబ్బరినూనెలో వెల్లుల్లి కాచి చెవిలో పొయ్యడం తప్ప మాకింకో వైద్యం తెలియదు. నా ఈడువాళ్ళకు చెప్పక్కర్లేదు, కొబ్బరితోటల మధ్య పుట్టినవాళ్ళం, ఆ నూనెకు లొంగని జబ్బుందంటే నమ్మేవాళ్ళం కాదు. చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెబితే నా గొంతొక్కటే ఆవిడకు కాస్త అందేది, అంచేత ఎవరేమన్నా ఆవిడకు చేరవేసే పని నాదే అయింది.

ఆ పెత్తనం నా తలకెక్కింది. ఆవిడ వంటింటి గడప దగ్గర కూర్చుని కొబ్బరి కోరుతుంటే, నేను పొయ్యి దగ్గర నిలబడి తోడికోడలితో ఆవిడ చాదస్తం గురించీ, తిండి గురించీ నానా మాటలూ అనేదాన్ని. పద్దెనిమిదేళ్ళ పొగరు. ఆవిడ తలెత్తి చూస్తే నవ్వేదాన్ని. ఆవిడా నవ్వి, కోరిన కొబ్బరి నా వైపు జరిపేవారు.

మా అమ్మాయి పుట్టాక ఆవిడకు దాని ఏడుపు వినాలని ఒకటే కోరిక పట్టుకుంది. పిల్ల గుక్కపట్టినప్పుడల్లా దాని గుండె మీద అరచెయ్యి ఆనించి, ఆ అదురుతోనే సరిపెట్టుకునేవారు. అది చూడలేక మావారు మమ్మల్ని రేవు దాటించి, కోటిపల్లిలో బస్సెక్కించి, కాకినాడ డాక్టరుగారి దగ్గర కూర్చోబెట్టి, కొబ్బరికాయల వ్యాపారిని కలిసొస్తానని వెళ్ళారు. డాక్టరుగారు అన్నీ చూసి, ముందు ఆ నూనె పొయ్యడం మానమన్నారు. నరం దెబ్బతింది, మందు లేదు, కాని మద్రాసు నుంచి మిషను తెప్పించుకోవచ్చు, పెట్టె రవికెకు తగిలించుకుని తీగ చెవిలో పెట్టుకోవాలి, అలవాటయితే పసిపిల్ల ఏడుపేమిటి, వంటింట్లో మాటలు కూడా వినబడతాయని నాతో చెప్పారు.

వంటింట్లో మాటలనగానే, పొయ్యి దగ్గర నేననే మాటలన్నీ గుర్తొచ్చాయి.

తిరుగు పడవలో, మావారు చుక్కాని దగ్గర సరంగుతో మాట్లాడుతుండగా, ఆవిడ నా భుజం పట్టుకుని, "డాక్టరుగారేమన్నేరే అమ్మాయ్?" అని అడిగారు. నేను ఆవిడ చెవిలో, "మందు లేదన్నేరండీ" అన్నాను. అబద్ధం కాదు, సగం నిజం. "పోనీలేవే, నువ్వున్నావుగా నాకు" అని నా చెయ్యి నిమిరారు. మావారికీ ఆ సగమే చెప్పాను.

ఆ తరవాత వంటింట్లో ఆవిడనొక్క మాట అనలేదు, అనడానికి నోరు రాలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటే ఏం చెప్పాలో తెలియక, రోజులు గడిపాను. మనవరాలికి మాటలొచ్చాయి, పాటలొచ్చాయి, బడికి కూడా వెళ్ళింది. ఆవిడ అరచెయ్యి దాని గుండె మీదే ఉండేది. దాని గొంతు వినకుండానే వెళ్ళిపోయారు. నేను చేసింది పాపమే, ఇంకో పేరు లేదు.

ఇప్పుడు మిషను చింతగింజంత, పెట్టుకున్నట్టు పక్కవాళ్ళకు కూడా తెలియదు. రెండు రోజులుగా కొబ్బరాకుల గలగల కూడా వినిపిస్తోంది. ఇవాళ పొద్దున్న మా అమ్మాయి దాన్ని నా చెవిలో సర్దుతూ, నాయనమ్మ రోజుల్లో ఇలాంటివి ఉంటే ఎంత బాగుండేదో కదమ్మా అంది. ఉండేవే తల్లీ అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. మిషను చెవిలో ఉండగానే, వినబడనట్టు ఊరుకున్నాను.