సీతారామ సంచిలోని భక్తి పాటలు

ఊరిగాం స్టేషన్లో తెల్లవారి రైలెక్కేవాళ్ళలో సీతారామను ఎరగనివాళ్ళు లేరు. నుదుట నిలువుబొట్టు, చేతిలో తాళాలు, భుజాన రామనామాలు అచ్చేసిన గుడ్డసంచి. మూడో పెట్టెలో బెంగళూరు దాకా సాగే భజనకు తాళం ఆయనదే. ఇంతటి భక్తుడి సంచిలో ఏముంటుందో మీరు ఊహించగలరు. మీరు ఊహించింది మాత్రం అందులో ఉండదు. పుర్రెలు, కొమ్ములు, మంటల్లో పరుగెత్తే గుర్రాలు ఉన్న అట్టల్లో చెవులు దద్దరిల్లే మెటల్ రాక్ సంగీతం రికార్డులుండేవి.

తప్పంతా ఒక టీ గ్లాసుది. ఊరిగాంలో బంగారు గనులు నడిచిన రోజుల్లో సీతారామ గనిలోకి గాలి నెట్టే కంప్రెసర్ హౌసు పక్కనున్న ఆఫీసులో గుమాస్తా. గోడలు అదిరే ఆ హోరులోనే పదహారేళ్ళు హాజరుపట్టీలు రాశాడు. గనులు మూతపడ్డాక బెంగళూరులో ఒక ప్రెస్సులో ఉద్యోగమైతే దొరికింది గానీ చెవులు బావురుమన్నాయి. అన్నం సయించలేదు. అలాంటి ఒక మధ్యాహ్నం అవెన్యూ రోడ్డులో టీ తాగుతుంటే చేతిలో గ్లాసు గడగడ వణికింది. పైన మేడమీద మెటల్ రికార్డులమ్మే అంగట్లో ఎవరో రికార్డు వేశారు. సీతారామ గ్లాసుతోనే మెట్లెక్కేశాడు. గ్లాసు కోసం టీకొట్టువాడు తిట్టుకుంటూ వెనకే ఎక్కాడు.

ఆ రోజు నుంచి శనివారం మధ్యాహ్నాలు ఆ వేటకే. ఇలాంటి అంగళ్ళకు బోర్డులుండవు. అత్తరు కొట్టు వెనక ఒకటి, టైలరు మేడమీద ఇంకొకటి. కనుక్కోవడానికి సీతారామ ఒక ఉపాయం పట్టాడు. మెజెస్టిక్‌ బస్టాండులో నల్లచొక్కా, భుజాల దాకా జుట్టు ఉన్న కుర్రాడు కనబడితే చాలు, పది అడుగులు వెనకగా నడిచేవాడు. రెండుసార్లు ఉపాయం ఫలించింది. మూడోసారి కుర్రాడు తిన్నగా మంగలిషాపులో దూరాడు. మర్నాడు ఉద్యోగం ఇంటర్వ్యూ అట. ఇంతదూరం వచ్చి ఊరికే పోవడమెందుకని సీతారామ కూడా గడ్డం చేయించుకుని బయటపడ్డాడు.

రికార్డు మంచిదో కాదో తేల్చడానికి ఆయన సంచిలో ఒక స్టీలు లోటా ఉండేది. దాన్ని అంగడి బల్లమీద స్పీకరు పక్కన పెట్టి, అందులో ఒక చెంచా వేసి, "ఇంగ వెయ్యప్పా" అనేవాడు. చెంచా మోగితే కొనేవాడు, మోగకపోతే లేదు. అంగళ్ళకొచ్చే కుర్రాళ్ళు ఆయనకు లోటా అంకుల్ అని పేరు పెట్టారు.

ఇంట్లో మాత్రం భార్య వత్సల ఒకే మాట చెప్పింది. "ఆ గొర్రెను కోసే పాటలు నా చెవిన పడితే నేను ముళబాగిలు మా అన్న ఇంటికి పోతాను." కాబట్టి చెవులకు హెడ్‌ఫోను. అంగట్లో చెంచా మోగేదాకా తప్పిస్తే, పన్నెండేళ్ళలో పెద్ద స్పీకర్లో, ఇంకో మనిషి పక్కనుండగా, ఒక్క పాట పూర్తిగా విన్నది లేదు. ఆ వెలితి ఆయనను లోలోపల కొరుకుతూనే ఉండేది. ఎవరితో చెప్పుకుంటాడు? సంచిలో ఏముండాదని మొదట్లోనే ఎవరో అడిగితే "భక్తి పాటలప్పా, పాత రికార్డులు" అనేశాడు. నిజం బయటపడితే తాళాలు పోతాయి, మూడో పెట్టెలో చోటూ పోతుంది.

ఆ అబద్ధమే ఒక శ్రీరామనవమికి తిరిగివచ్చి తలుపు తట్టింది. భజన బృందానికి పెద్ద చిక్కవెంకటప్ప, బెంగళూరు చిక్కపేటలో సరుకు తెచ్చుకునే బట్టల వ్యాపారి, నలుగురిలో ప్రకటించేశాడు. "ఈసారి నవమికి మన ఊరి భజన హాల్లో సీతారామన్న భక్తి రికార్డులు వేస్తాడు. స్పీకర్లు నేను తెప్పిస్తాను, ఆళెత్తువి!"

సీతారామ అత్తరు కొట్టు వెనక అంగడికి పరుగెత్తి నిజంగానే ఒక రామభజన రికార్డు అడిగాడు. అంగడివాడు ఆయన్ను ఎగాదిగా చూసి, ఒంట్లో బాగుందా అంకుల్ అంటూనే మూలనుంచి ఒకటి వెదికి ఇచ్చాడు.

నవమినాడు హాలు నిండింది. చిక్కవెంకటప్ప మాట తప్పలేదు, స్పీకర్లు నిజంగా ఆళెత్తున, మనిషంత పొడుగున ఉన్నాయి. వాటి పక్కనే బల్లమీద పానకానికి నూరు స్టీలు లోటాలు గోపురంగా పేర్చి ఉన్నాయి. సీతారామ సంచిలో చెయ్యి పెట్టాడు. ఒక వేలికి రామభజన తగిలింది, ఇంకో వేలికి గుర్రాల అట్ట. నూరు లోటాలు! ఒక్క లోటాతో ఇన్నేళ్ళు గడిపిన మనిషి. ఆ పాట మొదట్లో నిమిషంపాటు ఒట్టి డోలు దెబ్బలే, గాయకుడు నోరు తెరవక ముందే ముల్లు ఎత్తేద్దాం, స్పీకరు పరీక్ష అనుకుంటారులే అని మనసు సర్దిచెప్పింది. చెయ్యి ఆ మాట వినేసి గుర్రాల రికార్డే వేసింది.

నేల ధడధడలాడింది. నూరు లోటాలు ఒక్కసారిగా గొల్లుమన్నాయి. ఆ ఊళ్ళో ఆ చప్పుడుకు ఒకటే అర్థం. గనిలోపల బండ పగిలితే ఇళ్ళు అదిరి గూట్లో గిన్నెలు మోగేవి. "ఏర్‌బ్లాస్టు!" అని ఎవరో అరిచారు. గనులు మూసి పన్నెండేళ్ళయిందని ఒక్కరికీ గుర్తురాలేదు. చేతికందిన లోటా పట్టుకుని అందరూ బయటికి ఉరికారు. అందరికంటే ముందు చిక్కవెంకటప్ప.

సీతారామ ముల్లెత్తి తల తిప్పాడు. ఒక్క మనిషి మిగిలాడు. దొడ్డమునియప్ప. గని అడుగున ముప్పై ఏళ్ళు డ్రిల్లు పట్టి చెవులు పోగొట్టుకున్నవాడు, భజన వినబడకపోయినా పానకం కోసం వచ్చేవాడు. స్పీకరుమీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. కళ్ళు చెమర్చాయి.

"చేతికి తెలుస్తా ఉండాది సార్. ఇంగోసారి ఎయ్యి."

"వాళ్ళు లోపలికొచ్చేస్తారు మునియప్పన్నా! నా పరువు..." అని సీతారామ ఆయన చెవిలో అరిచాడు.

మునియప్ప వాకిట్లోకి పోయాడు. బండల సంగతిలో ఆయన మాటకు ఊళ్ళో తిరుగులేదు. "ఛాంపియన్ రీఫు గని పక్కప్పా. చిన్నదే. దీని ఎనకాలే ఇంగోటి వస్తాది, నేను చెప్పినదాకా ఎవురూ లోపలికి రావద్దండి," అని లోపలికొచ్చి తలుపు మూసి గడియ పెట్టాడు.

ఈసారి ముల్లు ఎత్తలేదు. గాయకుడి పొలికేకతో సహా పాటంతా నడిచింది. ముసలాయన రెండు చేతులూ స్పీకరుమీదే. సీతారామ ఆయన పక్కన నిలబడి తల ఊపాడు, జన్మలో అంత హాయి ఎరగడు.

తలుపు తీయగానే చిక్కవెంకటప్ప చెమట తుడుచుకుంటూ మునియప్ప చెవిలో అరిచి అడిగాడు. "లోపల ఎవరో అరిచినట్లుండె?"

"నేనే," అన్నాడు మునియప్ప. "బయమేసె."

తర్వాత రామభజన రికార్డు వేశారు, పానకం పంచారు, సీతారామ భక్తిని అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాతి శనివారం తెల్లవారి సీతారామ ఊరిగాం స్టేషనుకొచ్చేసరికి బెంచీమీద దొడ్డమునియప్ప కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా, జేబులో స్టీలు లోటా.

"యాడుండాది సార్ ఆ అంగడి?"