కాలు గుంజుతుంది

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇలాంటివి రాసేవాళ్లంతా మొదట ఈ మాటే అంటారని నాకు తెలుసు. కాకపోతే నా విషయంలో దానికి సాక్షులున్నారు. ఇరవై రెండేళ్లుగా ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. ప్రతి ఏడూ వానాకాలంలో మా హాస్టల్ బాత్రూముల వెనక ఎవరో ఒక పిల్లకు తెల్లచీర ఆమె కనపడుతుంది. ప్రతి ఏడూ నేను టార్చిలైటు పట్టుకుని, చూసిన పిల్లనే వెంటబెట్టుకుని అక్కడికి పోతాను. ఒకసారి అది ఆరేసిన దుప్పటి. ఒకసారి వాచ్‌మన్ పంచె. ఒకసారి అక్కడ ఏమీ లేదు, మర్నాడు లెక్కల పరీక్ష మాత్రం ఉంది.

వాదనలో నన్ను గెలిచినవాళ్లు మా స్టాఫ్‌రూములో లేరు. మా ఇంట్లో అసలే లేరు. అందుకే ఈ సంగతి రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎదుటివాళ్లు గెలుస్తారు.

తన్వి మా తమ్ముడి కూతురు. అప్పటికి దానికి ఐదేళ్లు. మా మరదలు స్రవంతికి రెండో కాన్పు. మంచం దిగొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారు. హైదరాబాద్‌లో తమ్ముడిది పొద్దున పోతే చీకటిపడ్డాక వచ్చే ఉద్యోగం. పిల్లను నేను చూసుకుంటానన్నాను. ఫోన్ పెట్టేశామనుకుని మరదలి తల్లి అన్న మాట నా చెవిన పడింది. "కననామెకు పిల్ల బాధ ఏం తెలుస్తది?"

నేను పెళ్లి చేసుకోలేదు. ఇంకా లైన్లోనే ఉన్నానని ఆవిడకు గుర్తుచేశాను. తర్వాత మరో నాలుగు మాటలు కూడా అన్నాను, అవి ఇక్కడ అనవసరం. చివరికి తేలింది ఏమిటంటే, పిల్ల బాగా తిని బాగా పడుకుంటే కాన్పు అయ్యేదాకా నా దగ్గరే. రాత్రుళ్లు ఏడుస్తుందని తెలిస్తే మర్నాడే అమ్మమ్మ దగ్గరికి.

అలా దాని నిద్ర నాకు పరువు సంగతి అయింది. పది రోజులు తిరిగేసరికి పరువు మాట మర్చిపోయాను. పొద్దున్నే "అత్తా, పాలల్ల మీగడ తియ్యి" అని ఆర్డరు వేసే మనిషి ఇంట్లో ఉండటం అలవాటైపోయింది. దాన్ని పంపమంటే నా వల్ల కాదు.

బూర్గంపాడులో నాది రెండు గదుల కిరాయి ఇల్లు. వెనక పత్తి చేను, ఆ పైన టేకు చెట్లు. నిద్రలో నేను కాళ్లు విసురుతానని తన్వికి నా మంచం పక్కన మడత మంచం వేశాను. దాని కాళ్ల వైపు గోడకూ మంచానికీ మధ్య కొంత జాగా ఉండేది. పగలు నాతోపాటు స్కూలుకు వచ్చి, హాస్టల్ పిల్లలతో సాయంత్రం దాకా దూకడమే దాని పని.

జూన్ చివర్లో ఒక రాత్రి కెవ్వుమని లేచింది. "అత్తా, కాలు గుంజుతుంది!" పిక్క ముట్టుకుంటే రాయిలా ఉంది. కొబ్బరినూనె రాసి, పిసికి, ఊది, బతిమాలి, ఏవేవో చేశాను. పది నిమిషాలకు వదిలింది. రెండు రోజుల తర్వాత మళ్లీ.

వంతెన దాటి భద్రాచలంలో పిల్లల డాక్టరుకు చూపించాను. అంతా చూసి భయపడేది లేదన్నాడు. రోజంతా గంతులు, ఎదిగే వయసు, నీళ్లు చాలట్లేదు. వాపు, జ్వరం, కుంటడం ఉంటే వెంటనే తీసుకురమ్మన్నాడు. పట్టేసినప్పుడు మోకాలు చాపి, మడమ ఒక చేత్తో పట్టుకుని, వేళ్లను పైకి, ముఖం వైపుకు మెల్లగా గుంజాలని చేసి చూపించాడు. నేను తలూపాను. మా వెనక బెంచీ పిల్లలు ఊపినట్టు. ఎందుకంటే ఆయన వెనక గోడమీద బోర్డులో "చిన్న పిళ్లలు" అని రాసి ఉంది. నా ధ్యాసంతా దాని మీదే ఉంది.

ఆ వారం నుంచే తేడా మొదలైంది. తన్వి అరుపు వినపడేది. నేను కళ్లద్దాలు వెతుక్కుని దాని మంచం దగ్గరికి పోయేలోపు అది మళ్లీ నిద్రలో ఉండేది. పిక్క మెత్తగా ఉండేది. మొదట సంతోషించాను. తర్వాత నా నిద్రే పోయింది. గేటు తాళం రెండుసార్లు చూసి వచ్చేదాన్ని. ఫ్యాను ఆగితే లేచేదాన్ని, తిరిగితే లేచేదాన్ని. పడుకుని చెవులు రిక్కించి ఉండేదాన్ని, ఎందుకో తెలియకుండానే.

అలా మెలకువగా ఉన్నప్పుడే విన్నాను. తన్వి మూలిగింది. "కాలు గుంజుతుంది" అంది, నిద్రమాటగా. తర్వాత టక్. కాసేపాగి మళ్లీ టక్. మొత్తం ఐదు. కాలివేళ్ల మెటికలు విరిచిన చప్పుడు. ఆ చప్పుడు తెలియనివాళ్లు మన ఇళ్లల్లో ఉండరు. జీరో బల్బు వెలుగులో పిల్ల వెల్లకిలా పడుకుని ఉంది. చేతులు రెండూ దిండు కింద ఉన్నాయి.

బల్లి అనుకున్నాను. బల్లి ఐదు లెక్కపెట్టి ఊరుకోదు. మంచం ఇనుప గొట్టాలు అనుకున్నాను. మర్నాడు దాని మీద కూర్చుని, లేచి, కుదిపి చూశాను. కిర్రుమంటుంది తప్ప టక్కుమనదు.

మూడోనాడు స్కూల్లో తన్వికి ముల్లు గుచ్చుకుంది. మా హాస్టల్ వంటామె జోగమ్మ దాన్ని వంటింటి అరుగు మీద కూర్చోబెట్టి, పాదం ఎత్తి ముల్లు తీస్తూ వాసన చూసింది.

"టీచరమ్మా, పిల్ల మడిమెకు ఇప్పనూనె ఎవరు రాసిండ్రు?"

"ఇప్పనూనె ఏంది? మా ఇంట్ల కొబ్బరినూనె తప్ప వేరేది లేదు."

"నా ముక్కు నాకు తెల్వదా? పుట్టినకాడి నుంచి మా అవ్వ ఇదే నూనెతోని నాకు కాళ్లు తోమింది."

నేనూ వంగి చూశాను. మడమ జిడ్డుగా ఉంది. కొంచెం చేదు, కొంచెం పొగ కలిసిన వాసన, అడవి పల్లెల్లో ఇప్పగింజల నుంచి తీసే నూనెదే. నాకు అనుమానం వస్తే దాచుకునే అలవాటు లేదు. "నువ్వే రాసి ఉంటవ్" అన్నాను.

"అవ్, నాకు వేరే పని లేదు. ఇంతమందికి అన్నం వండి, కడిగి, రాత్రికి నీ గోడ దుంకి వచ్చి కాళ్లు తోముత. జీతం ఎంతిస్తవ్?"

పక్కనున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. నేను తగ్గి, రాత్రుళ్లు పిల్ల కాలు గుంజుతుందని ఏడుస్తోందని చెప్పాను.

"గుంజుతే మంచిదే గద టీచరమ్మా. పిక్క పట్టినప్పుడు గుంజకపోతే ఇడుస్తదా?"

"జోగమ్మా, కాలు గుంజడం వేరు, కాలును గుంజడం వేరు" అని పాఠం మొదలుపెట్టాను. అక్కడే నా నోరు ఆగిపోయింది.

కాలు గుంజుతుంది. కాలు నొప్పి పెడుతోందని ఒక అర్థం. కాలును ఎవరో గుంజుతోందని ఇంకో అర్థం. రెండో దాంట్లో కర్త లోపించింది, అంతే. వాక్యం తప్పు కాదు. గుంజేది మగవాడైతే పిల్ల "గుంజుతుండు" అనేది, అప్పుడే తెలిసిపోయేది. మన వ్యాకరణం ఆడమనిషికీ, ఆవుకూ, కాలుకూ ఒకటే క్రియ పెట్టింది. ఆ విషయమై కాలేజీ రోజుల నుంచే నాకు కోపం. ఆ కోపం ఒకనాడు ఇలా నా ఒంటికే చల్లగా తగులుతుందనుకోలేదు.

సాయంత్రం తన్విని కూర్చోబెట్టి అడిగాను.

"కాలు గుంజుతుంది అంటవు గద. ఎవరు గుంజుతుంది?"

"ఆమె."

"ఏ ఆమె?"

"కాలు గుంజే ఆమె."

"ఎట్లుంటది?"

"కండ్లు మూసుకుంట గద అత్తా, ఎట్ల కనపడ్తది?" నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "చేతులు గరుకు. నీయి మెత్తగుంటయ్."

చల్లగా ఉంటాయా అని అడిగాను. వెచ్చగా ఉంటాయంది. భయం వేయదా అంటే బిస్కెట్ ప్యాకెట్ తెమ్మంది.

నేను సరాసరి ఇంటి ఓనరును నిలదీశాను. ఈ ఇంట్లో ఎవరు పోయారు, నిజం చెప్పమన్నాను. ఆయన పాపం తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. "గట్లంటరేంది టీచర్? ఇల్లు కట్టి ఆరేండ్లు. మొదటి కిరాయిదారు మీరే. అంతకుముందు ఈడ పత్తి చేను." ఆయన అబద్ధమాడే మనిషి కాదు. కరెంటు బిల్లు విషయంలో నేను చాలాసార్లు పరీక్షించాను.

ఆ రాత్రి నేను చేసింది ఏ చదువుకున్న మనిషీ చేయాల్సిన పని కాదు. కిటికీలు బిగించాను. మడత మంచాన్ని కాళ్ల వైపు గోడకు ఆనేలా నెట్టాను. మధ్యలో వేలు కూడా పట్టదు. పిల్ల కాళ్లకు దుప్పటి చుట్టి, పక్కనే కుర్చీలో కూర్చుని దాని మోకాళ్ల మీద చేయి వేసి ఉంచాను. ఎవరొస్తారో చూద్దామని.

ఎవరూ రాలేదు. నొప్పి వచ్చింది.

అంతకుముందు వచ్చినవి దీని ముందు ఏమీ కావు. రెండు పిక్కలూ ఒకేసారి బిగుసుకున్నాయి. పిల్ల విల్లులా వంగిపోయింది. దుప్పటి లాగేసి పాదం పట్టుకున్నాను. డాక్టరు చెప్పింది గుర్తు రాలేదు. పైకా, కిందికా? కిందికి నొక్కాను. అరుపు రెట్టింపైంది. "గుంజు, గుంజు" అని ఏడుస్తోంది. నేను దాన్ని మళ్లీ తప్పుగానే విన్నాను. "ఎవరూ గుంజరు బంగారం, నేనున్న గద" అని ఓదార్చాను. అది చేతులు జోడించినంత పని చేసింది.

ఫోను మోగింది. మరదలు. నిద్ర పట్టక చేసిందట. ఎత్తితే ఈ ఏడుపు వింటుంది, పొద్దునకల్లా బండి పంపిస్తుంది. ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. కననామెకు ఏం తెలుస్తది అన్న మాట ఆ నిమిషంలో నిజమే అనిపించింది.

తన్వి నా చేతిని తోసేసింది. "జరుగు అత్తా! ఆమెకు జాగ లేదు!"

నేను ఎవరికీ జరగను. బస్సులో సీటు దగ్గర జరగను, స్టాఫ్‌రూములో మాట దగ్గర జరగను. ఆ రాత్రి జరిగాను. లేచి మంచాన్ని గోడ నుంచి ఒక మనిషి పట్టేంత ఇవతలికి లాగాను. వంటింటి గుమ్మం దాకా పోయి, ముఖం అటు తిప్పుకుని నిలబడ్డాను. భయంతో కాదని రాయాలని ఉంది. భయంతోనే.

ఏడుపు మూలుగైంది. మూలుగు ఊపిరైంది. తర్వాత టక్. నేను స్టౌ మీది గిన్నెనే చూస్తూ నిలబడ్డాను. ఐదు. ఆగి, రెండో కాలుకు ఇంకో ఐదు.

తిరిగి చూస్తే పిల్ల నిద్రపోతోంది. రెండు మడమలూ జీరో బల్బు వెలుగులో మెరుస్తున్నాయి. కిటికీల గొళ్లాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. తలుపు కూడా.

పొద్దున్నే తన్వినే అడిగాను, ఆమె ఎట్ల గుంజుతది, నాకు నేర్పమని. "ఫస్టు మడిమె పట్టుకోవాలె. మోకాలు వంగొద్దు. వేళ్లు పైకి, నా మొకం దిక్కు. మెల్లగ. తగ్గినంక చిన్నేలు నుంచి టక్ టక్." అక్షరం పొల్లు పోకుండా డాక్టరు చెప్పిందే. మెటికలు తప్ప. మరదలికి ఫోన్ చేసి, రాత్రి కాలు పట్టేసిందని, తగ్గిందని ఉన్నదున్నట్టు చెప్పాను. ఎలా తగ్గిందో చెప్పలేదు. ఇంకో వారం చూద్దాం వదినా అంది.

ఆ వారం నుంచి రోజూ పడుకునే ముందు పిల్ల చేత గోడకు చేతులానించి పిక్కలు సాగదీయించాను. నీళ్ల సీసా మెడకు తగిలించాను. పట్టేసినప్పుడు లేచి నేనే గుంజాను. వారానికి రెండు సార్లు వచ్చేది పదిహేను రోజులకు ఒకసారైంది. ఇప్పనూనె వాసన మళ్లీ రాలేదు. అంతా ఆ నీళ్ల మహిమే అని నాకు నేను గట్టిగా చెప్పుకున్నాను.

సెప్టెంబరులో నాకు జ్వరం వచ్చింది. మాత్ర వేసుకుని పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాలేదు. కళ్లు తెరిచేసరికి తన్వి నా మంచం మీద కూర్చుని ఉంది.

"రాత్రి మస్తు మంచిగ గుంజినవ్ అత్తా. ఇప్పుడు నీ చేతులు గూడ గరుకైనయ్."

నా చేతులు వాసన చూసుకున్నాను. జండూబామ్ వాసన. దాని పాదం ఎత్తి మడమ వాసన చూశాను. ఆ వాసన ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

"నువ్వే గద గుంజింది?" అంది పిల్ల, మెచ్చుకుంటున్నట్టు.

అవ్ అన్నాను.

దసరా తర్వాత స్రవంతికి బాబు పుట్టాడు. నెల తిరిగాక పిల్లను తీసుకుపోవడానికి తల్లితో సహా వచ్చింది. "మా అమ్మ గూడ ఇంత మంచిగ చూడకపోవు వదినా" అంది. ఆ అమ్మ పక్కనే తలవంచుకుని ఉంది. ఐదు నెలలుగా ఆవిడ కోసం మాటలు దాచుకున్నాను. ఒక్కటీ అనలేకపోయాను. నాది కాని మెచ్చుకోలు ఒళ్లో పెట్టుకుని ఎవరిని దెప్పను?

ఆమె మా అమ్మ కావచ్చునా అని ఆలోచించాను. మా అమ్మది నేలకొండపల్లి, అడవి లేని మైదానం ఊరు. ఇప్పనూనె అంటే ముక్కు మూసుకునే మనిషి. పోయాక అలవాట్లు మారతాయని నేనెక్కడా చదవలేదు. నిద్రలో నేనే లేచానేమో అనుకున్నాను. అయితే నూనె ఎక్కడిది? ప్రతి వాదానికీ ప్రతివాదం నా దగ్గరే ఉంది. రెండేళ్లుగా నాతో నేనే వాదిస్తూ ఓడిపోతున్నాను. ఆ వాక్యానికి కర్త ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

తన్వికి ఇప్పుడు కాళ్లు గుంజడం లేదు. నాకే అప్పుడప్పుడు గుంజుతాయి. లేచి నాకు నేనే గుంజుకుంటాను. ఎవరూ రారు.

మొన్న ఇంటికి సున్నం వేయించడానికి ఓనరు వచ్చాడు. మడత మంచాన్ని చూసి, "పిల్ల పోయింది గద టీచర్, దీన్ని గోడకు జరుపుదమా? ఇంత జాగ దండుగ" అన్నాడు. వద్దన్నాను. ఎందుకని అడిగాడు.

ఉండనియ్యండి అన్నాను.