సడ్డకుడి మార్జిను

మా సడ్డకుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, సూరత్‌లోని అడాజన్‌లో పదకొండో అంతస్తులో ఉంటాడు. చీరల దుకాణాలకు బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేరు అమ్ముతాడు. వాడి హాల్లో ఏసీ ఎంత చల్లగా ఉంటుందంటే, మనం అన్న మాట టీపాయ్ మీద గడ్డకట్టి పడుతుంది, అవతలివాళ్లు ఏరుకుని వినాలి. నాకు అదే ఊళ్లో సలాబత్‌పురాలో పన్నెండు మరమగ్గాలున్నాయి, వాటి పై అంతస్తులోనే మా ఇల్లు. అక్కడ మాట గడ్డకట్టదు, మగ్గాల మోతలో అసలు వినబడదు. ఇరవై ఏళ్లుగా మా ఆవిడతో సైగలతోనే కాపురం చేస్తున్నాను.

ఆ ఆదివారం పొద్దున వాళ్లింట్లో లోచో, అదే ఆవిరి మీద ఉడికించిన సూరత్ శనగపిండి టిఫిను, తింటున్నాం. సడ్డకుడు ఒక కాగితం తెచ్చి నా ప్లేటు పక్కన పెట్టాడు.

"అన్నా, మా కంపెనీ గ్రాస్ మార్జిన్ చూడు. ఐదేండ్లది. వందకు డెబ్బై, ఒక్క ఏడాది గూడ తగ్గలే."

ఆ లెక్క నాకు తెలియనిదేం కాదు. అమ్మిన సొమ్ములోంచి ఆ సరుకుకు నేరుగా అయిన ఖర్చు తీసేస్తే వందకు ఎంత మిగిలిందని. దారం, కరెంటు, నేతగాడి కూలి తీసేస్తే నాకు మిగిలేది పన్నెండు. అదీ దేవుడు మంచి మూడ్‌లో ఉన్న ఏడాది.

"ఇంటున్నరా? రెండు మగ్గాలు అమ్మి మరిది కంపెనీల పెడదాం" అంది మా ఆవిడ. 'మరిది' అన్న మాట దగ్గర ఆమె గొంతులో నెయ్యి కారింది. ఏం చేసైనా ఆ డెబ్బైని ఆమె కళ్లముందే పడగొట్టాలి.

అంతలో సడ్డకుడి ఫోను మోగింది. ఎవరో చీరల దుకాణం సేఠ్, బిల్లు రావట్లేదు, మనిషిని పంపమని. వీడు సరేనని పెట్టేశాడు.

"ఆదివారం గూడనా?"

"ఏం జేస్తం అన్నా. సూరత్ సేఠ్‌కు ఫోన్‌ల చెప్తే నమ్మడు. మనిషి పోవాలె, చాయ్ తాగాలె, ఆయన ముంగట బటన్ నొక్కాలె."

"మరి ఆ మనుషుల జీతాలు ఏ ఖర్చుల రాస్తవ్?"

"ఆఫీస్ ఖర్చుల. మార్జిన్ తేలినంక."

దొరికాడు.

"మనిషి పోకుంటే నీ సరుకే నడవది గద తమ్మీ. ఆయనె నీ నేతగాడు. నా నేతగాళ్ల కూలి గూడ ఆఫీస్ ఖర్చుల రాసుకుంటే నేను నీ పైన పన్నెండో అంతస్తుల ఉందును."

పెన్ను అడిగి తీసుకున్నాను. వాడు చెప్తుంటే, ఏ ఏటి జీతాలు ఆ ఏట ఆఫీసు ఖర్చులోంచి తీసి పైన సరుకు ఖర్చులోకి ఎక్కించాను. మొదటి ఏడాది డెబ్బై కాస్తా ఐదుకు కూలింది. కాగితం ఎత్తి, దొంగను పట్టుకున్న పోలీసులా మా ఆవిడకు చూపించాను. రెండో ఏడాది ఇరవై. ఆహా, లోచో అంత రుచిగా ఎన్నడూ లేదు. మూడో ఏడాది ముప్పై నాలుగు. నాలుగో ఏడాది నలభై ఆరు. ఐదో అంకె దగ్గర నా పెన్ను కుంటడం మొదలెట్టింది. యాభై ఎనిమిది.

మొదట్లో ఒక్కో మనిషి పది దుకాణాల్లో చాయ్ తాగేవాడట, ఇప్పుడు వంద దుకాణాల్లో. రెండింతలు గుడ్డ నేస్తే నాకు రెండింతలు దారం కావాలి. వాడు ఒకసారి రాయించిన సాఫ్ట్‌వేరునే వెయ్యోసారీ అమ్ముకుంటున్నాడు. చదునుగా ఉన్న వాడి గీతను నేనే నా చేత్తో మెట్లుగా కట్టిచ్చాను. ఆ మెట్లు పైకే పోతున్నాయి.

సడ్డకుడు కాగితాన్ని తనవైపు లాక్కుని, ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివాడు. "అన్నా, ఐదేండ్ల సంది నాకు కనబడనిది నువ్వు చూపించినవ్." అందులో వెటకారమైనా ఉంటే బాగుండేది. లేదు.

మా ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో వేసుకుంది.

తిరుగు దారిలో, స్కూటరు తాపీ నది వంతెన ఎక్కాక, వెనకనుంచి అంది: "రెండు గాదు, మూడు అమ్ముదాం. మీరే లెక్క తీసిన్రు గదా."

గాలి హోరులో వినబడనట్టు నటించాను.

ఆమె ముందుకు వంగి, మూడు వేళ్లు నా కళ్లముందు ఆడించింది.