కూలని విమానాలు

పెద్ద చప్పుడు ఏదైనా రాబోతోందంటే చాలు, ఆయన నోరు తెరుస్తాడు. గాలికి తలుపు కొట్టుకోబోతున్నా, పొయ్యి మీద కుక్కర్ కూత వేయబోతున్నా అంతే. ఫిరంగి పేలేటప్పుడు నోరు మూసుకుంటే చెవిగూబలు పగులుతాయి. యుద్ధం ముగిసి, జుట్టు నెరిసినా ఆ అలవాటు పోలేదు. చూసినవాళ్ళు నవ్వుకుంటారు.

నవ్వుకోవడానికి వాళ్ళకు ఇంకో కారణం కూడా ఉంది. ఊళ్ళో ఆయన పేరు సున్నా. యుద్ధమంతా విమానాల మీదికి ఫిరంగి పేల్చి ఒక్కదాన్నీ కూల్చలేదు కాబట్టి సున్నా. వీధి చివర సైకిళ్ళు బాగుచేసేవాడు ఆయన కనబడగానే మొదలుపెట్టేవాడు.

"ఏం సున్నా మావా, పిట్టనైనా కొట్టావా?"

"పిట్టలు నా జోలికి రాలేదురా" అని ఆయన తన దారిన పోయేవాడు.

ఫిరంగి ఉన్నది నీళ్ళ పంపుహౌసు పక్కన మిట్ట మీద. ఆయన గురి చూసేవాడు. ఎడమచేతివాటం స్నేహితుడొకడు గుండ్లు అందించేవాడు. ఆకాశంలో గుండ్లు పేలుతుంటే విమానం కిందికి దిగడానికి జంకుతుంది. అంత ఎత్తునుంచి వదిలిన బాంబు గురి తప్పి ఏట్లో పడుతుంది, బీడులో పడుతుంది. విమానాలను కూల్చడం కాదు, పంపులకు గురి కుదరనివ్వకపోవడమే ఆ ఇద్దరి పని. అలా గురి తప్పిన బాంబే ఒకటి మిట్ట అంచున పడి స్నేహితుణ్ణి తీసుకుపోయింది. పంపులు మాత్రం ఒక్కపూట ఆగలేదు. యుద్ధం తర్వాత ఆయన ఆ పంపుల దగ్గరే పనికి కుదిరి, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ వాటికి నూనె పోస్తూ గడిపాడు.

ఇప్పుడు ఊరికి ఉన్నట్టుండి వీరులు కావలసివచ్చారు. పంపుహౌసు గేటు దగ్గర శిలాఫలకం నిలబెట్టారు. ఆవిష్కరణ రేపు. దాన్ని పెట్టించిన కమిటీలో పెద్ద తలకాయ ఆయన బావమరిదే. సాయంత్రం ఫలకం ఫోటో పట్టుకుని ఇంటికి వచ్చాడు.

"చూడు బావా, నీ పేరు పైనే వేయించాను."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. 'నాలుగు శత్రు విమానాలను నేలకూల్చిన వీరులు.' కింద ఆయన పేరు. దాని కింద, పోయిన స్నేహితుడి పేరు.

"ఎవరు కూల్చార్రా నాలుగు?"

"మీరే."

"ఒక్కటీ కూలలేదు. నన్ను సున్నా అని పిలిచేది అందుకేగా!"

"అది ముసలాళ్ళకి తెలుసు. వాళ్ళెన్నాళ్ళుంటారు? అయినా ఏమీ కూల్చనివాళ్ళకి రాయి పెడతామా బావా? జనం నవ్విపోరూ?"

"ఇన్నాళ్ళూ నవ్వుతూనే ఉన్నారుగా!" ఆయన బల్ల మీద చరిచాడు. "వాడు చచ్చింది కుళాయిల్లో నీళ్ళు ఆగకూడదని. అది చాలదా మీకు? చచ్చినవాడి చేత అబద్ధం చెప్పిస్తారా?"

వంటింట్లోంచి భార్య గరిటెతోనే బయటికి వచ్చి తమ్ముడి మీద విరుచుకుపడింది.

"ఒరేయ్, యుద్ధం రోజుల్లో నీకు ఏడవడం తప్ప ఇంకేమీ రాదు. రోజూ నీ నెత్తిన నీళ్ళు పోసింది నేను. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయనుకున్నావు? విమానం కూలితే వచ్చాయా?"

"నువ్వూ ఆయన పాటే పాడితే ఎలాగక్కా? చెక్కేశారు. ఇక మార్చడం కుదరదు."

బావమరిది విసవిసా వెళ్ళిపోయాడు.

ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. సున్నా అన్నందుకు ఎన్నడూ నొచ్చుకోలేదు. అది నిజం కాబట్టి. ఆ నీళ్ళు తాగి బతికిన ఊరికే ఆ నిజం నామోషీ అయిపోయింది. అదీ ఆయన కడుపుమంట.

మర్నాడు పొద్దున్నే, దొడ్లో మిగిలిపోయిన సిమెంటు కలిపి, బకెట్టూ తాపీ పట్టుకుని పంపుహౌసుకు నడిచాడు. ఫలకం మీది గుడ్డ తీసేశాడు. విమానాల మాట ఉన్న వరుసలో, ఒక్కొక్క అక్షరం గాడిలో సిమెంటు కూరి, తాపీతో చదును చేశాడు. పేర్ల జోలికి పోలేదు. సభకు కుర్చీలు దింపించడానికి వచ్చిన బావమరిది దూరంనుంచే కేకలు పెడుతూ పరుగెత్తుకొచ్చాడు. ఆయన లేవలేదు. సిమెంటు ఆరేదాకా ఎవరూ వేలు పెట్టకుండా, రాయి ముందు కాళ్ళు బార్లా చాపుకుని కూర్చున్నాడు.